పన్నిద్దరు అపొస్తలులు

మా స్వస్థలము నకిరేకల్. నివాసము ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరము. ఒక ఆదివారము మావారును నేనును వేకువనే కారులో బయలుదేరి, ‘పన్నిద్దరు అపొస్తలులు’ అను ప్రసిద్ధ శిలాస్తంభములను జూచి రాత్రికి ఇల్లు చేరితిమి.

మొదటి ప్రపంచయుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు, మృతులైన సహచరుల స్మారకముగా 1919 నుండి 1932 వరకు నిర్మించిన తీరపు బాటనే పోతిమి.

సముద్రమున నిలిచిన ఆ స్తంభములు మా నల్లగొండ గుట్టలవలె గట్టిరాయి కావు, సున్నపురాయి. అలలు చరియను తొలువగా గుహ యేర్పడును, గుహ తోరణమగును, తోరణము కూలగా స్తంభము మిగులును. పేరునకు పన్నిద్దరే గాని పండ్రెండు స్తంభములు లేవు. 2005 జూలైలో నొకటి చూపరుల యెదుటనే కూలిపోయెను.

మా అత్తగారికి వయసు మీరుచున్నది. ఎప్పుడైనను పిలిపింతమనుకొనుచుంటిమి. ఆ తీరమున నిలిచి, ఈ వేసవికే పిలిపింపవలెనని మావారు నిశ్చయించిరి.