ఊరి పేరే ఇంటిపేరు

పోయిన వేసవి సెలవుల్లో కెంటకీ మీదుగా కారులో వెళ్తున్నాం. లెక్సింగ్టన్ దాటాక ఒక ఊరి బోర్డు కనపడగానే వెనక సీట్లోంచి మా అమ్మాయి "వెర్సాయ్!" అని కేక పెట్టింది. బళ్ళో రెండేళ్ళుగా ఫ్రెంచి నేర్చుకుంటోంది మరి. గ్యాస్ కోసం ఆగినచోట అదే మాటంటే, కౌంటరు దగ్గర పెద్దాయన నవ్వి, "ఇక్కడ మేం వర్సేల్స్ అంటాం" అన్నాడు.

ఇక దారి పొడుగునా ఫ్రాన్సు ఊళ్ళ ముచ్చటే. వెర్మాంట్ రాజధాని మాంట్‌పీలియర్‌కి దక్షిణ ఫ్రాన్సులోని మోంపెలియే పేరే పెట్టారు. 1220 నాటికే వైద్య విద్యకు నియమాలు రాసుకున్న ఊరది. ఇక్కడికొచ్చేసరికి స్పెల్లింగులో ఒక 'ఎల్' రాలిపోయింది. లువార్ నది ఒడ్డున ఓర్లెయాన్ ఉంది. 1429లో జోన్ ఆఫ్ ఆర్క్ శత్రువుల ముట్టడి నుంచి విడిపించింది ఆ ఊరినే. 1718లో మిసిసిపీ ఒడ్డున వెలసిన ఊరికి, అప్పట్లో ఫ్రాన్సును పాలిస్తున్న ఓర్లెయాన్ డ్యూకు ఫిలిప్ గౌరవార్థం న్యూ ఆర్లీన్స్ అని పేరు పెట్టారు. పాపం, ఆయన ఈ ఊరిని ఎన్నడూ చూడలేదు.

"మనవాళ్ళు ఇంతమంది వచ్చారు కదా నాన్నా, న్యూ తెనాలి ఎందుకు లేదు?" అంది.

సమాధానం దాని ఒళ్ళోనే ఉంది. సాకర్ చొక్కా మీద వేయాల్సిన పేరు కోసం ఇచ్చిన కాగితం. అందులో 'నిడా' అని రాసుకుంది. నిడదవోలు అంటే ఇంగ్లీషులో పది అక్షరాలు, కోచ్ రోజుకో రకంగా పిలుస్తాడని వారం నుంచి గొడవ. గట్టిగా చెప్పే మొహం నాకు లేదు. ఇరవయ్యేళ్ళుగా ఆఫీసులో నేనూ 'నిడ్'నే!

"మనవాళ్ళు ఊరి పేరు నేలకి పెట్టలేదు తల్లీ, మనుషులకే పెట్టుకున్నారు. వేమూరు వాళ్ళు వేమూరి వారయ్యారు. మనం నిడదవోలు వారం. రాణీ రుద్రమదేవి భర్త వీరభద్రుడు ఆ ఊరి చాళుక్య రాకుమారుడే."

"నువ్వు చూశావా?"

గొంతులో వెలక్కాయ పడింది. మా ముత్తాతల కన్నా ముందే ఎవరో వదిలేసిన ఊరు. విజయవాడ నుంచి రాజమండ్రి వెళ్తూ రైలు కిటికీలోంచి చూడడమే.

"అయితే నువ్వూ ఆ డ్యూకు లాగే" అని కాసేపు ఊరుకుంది. తరవాత, "వర్సేల్స్ వాళ్ళు సరిగ్గా పలకకపోయినా పేరు మాత్రం వదల్లేదు, కదా?" అంది.

ఆగస్టులో చొక్కా వచ్చింది. పది అక్షరాలూ ఈ భుజం నుంచి ఆ భుజం దాకా ఉన్నాయి.

మీ ఇంటిపేరు ఏ ఊరిదో మీ పిల్లలకి చెప్పారా? మేం డిసెంబరులో ఇండియా వెళ్తున్నాం. ఈసారి నిడదవోలులో రైలు దిగుతాం.