ఒక్క తెలుగక్షరం

2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను తికమకపెట్టింది. ఆ అక్షరం ‘జ్ఞా’. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక కోడు, దీర్ఘం: ఈ ఐదూ ఆ వరుసలో వచ్చిన మెసేజ్ తెరిస్తే చాలు, యాప్ మూసుకుపోయేది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది. అయినా ఇలా జరిగిందంటే నాకు తోచే కారణం ఒక్కటే: ఎక్కువమంది రాయని అక్షరాన్ని ఎవరూ పెద్దగా పరీక్షించరు.

తెలుగు రాయకపోవడం మా దగ్గరా కనిపిస్తుంది. జంషెడ్‌పూర్‌లోని మా సీతారాండేరాలో తాతల కాలంలో టాటా కంపెనీ పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. ‘పుష్ప’, ‘ఆర్‌ఆర్‌ఆర్’ హిందీలో చూసి డైలాగులు అప్పజెప్పే పిల్లలు అమ్మమ్మకి మెసేజ్ మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. మాట నిలిచింది, లిపి జారిపోతోంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఫోన్ సెట్టింగ్స్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకోండి. రెండు నిమిషాల పని. ఈ రాత్రికి అమ్మమ్మకి ‘తిన్నావా?’ అని తెలుగులో రాయండి.