సముద్రంలోనూ మిద్దె ఎక్కాల్సిందే!

గోరంట్ల మండలంలో పాలసముద్రం అని ఒక ఊరుంది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే. కస్టమ్స్ అధికారుల శిక్షణ అకాడమీ 'నాసిన్' 2024 జనవరిలో ప్రారంభమైంది ఇక్కడే. పేరు చూసి ఈతకొట్టొచ్చని వస్తారేమో... కనిపించేది ఎర్రనేల, రాళ్లగుట్టలు, వేరుశనగ చేలు! చెరువునే సముద్రమని పిలుచుకునే సీమ మరి.

అలాంటిచోట పెరిగిన ఇద్దరు మిత్రులం అసలు సముద్రంలో కయాక్ నడపాలని ముచ్చటపడ్డాం. ''వానే సరిగ్గా చూడనోళ్లకు సముద్రంతో ఏం పనప్పా?'' అంది అమ్మ. హిందూపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాటికి విశాఖపట్నం.

మాట వినిపించదే!

రుషికొండ తీరం. 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు పొందిన బీచ్. ఒడ్డున శిక్షకుడు చెరో వాకీటాకీ ఇచ్చి, ''ఛాతీకి తగిలించుకోండి సార్'' అన్నాడు. తడుస్తుందని నేను సంచిలో పెట్టి కాళ్ల దగ్గర పడేశా. కాసేపటికి నేలమీది నుంచి గాలి లేచింది. అల లేచినప్పుడల్లా మిత్రుడు మాయం! సంచిలోంచే మీట నొక్కి పిలిచా. జవాబు లేదు. గుండె ఝల్లుమంది. చివరికి సెట్టు బయటికి తీసి, చేయి పైకెత్తి, ఆంటెన్నా నిటారుగా పట్టుకుని పిలిస్తే... ''యాడుండావ్‌రా?'' అన్న గొంతు! అంత తీయటి మాట ఎప్పుడూ వినలేదు.

ఒడ్డుకొచ్చాక గుర్తొచ్చింది చిన్నప్పటి దూరదర్శన్. మిద్దెమీద వెదురుగడకు కట్టిన ఆంటెన్నాను అన్న తిప్పుతుంటే, కిందినుంచి ''వచ్చింది... పోయింది!'' అని మేం అరిచేవాళ్లం. సూత్రం ఒకటే. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే వెళతాయి. భూమి వంపు దాటలేవు. ఆంటెన్నా నీటికి మీటరు ఎత్తులో ఉంటే దాని హద్దు సుమారు 4 కిలోమీటర్లు. రెండు కయాక్‌ల మధ్య లెక్కప్రకారం 8. అలలు, ఒంటి అడ్డు వల్ల నిజంగా దక్కేది ఇంకా తక్కువే. అదే 100 మీటర్ల కొండమీది ఆంటెన్నాతో అయితే 45 కిలోమీటర్ల దాకా అవకాశం! అందుకే చేపల బోట్లవాళ్లు ఆంటెన్నాను బోటు మీద ఎత్తయినచోట బిగిస్తారు. వాట్లు పెంచినంత మాత్రాన హద్దు జరగదు.

ఏది కొనాలి?

* కయాక్‌కు చేతిలో పట్టే 5 వాట్ల మెరైన్ వీహెచ్ఎఫ్ సెట్టు నప్పుతుంది. బోట్లలో బిగించే 25 వాట్ల సెట్టుకు పెద్ద బ్యాటరీ కావాలి.
* నీళ్లలో పడితే తేలాలి. 'ఐపీఎక్స్7' గుర్తు ఉంటే మీటరు లోతులో అరగంట తట్టుకుంటుంది.
* సెట్టుతో వచ్చే పొట్టి ఆంటెన్నా చాలు. పొడుగుది తెడ్డుకు తగులుతుంది. శక్తిని ఒకే దిక్కుకు కుదించే ఆంటెన్నా అయితే, పడవ ఊగినప్పుడల్లా మాట నీళ్లలోకో ఆకాశంలోకో పోతుంది.
* ఆపదలో పిలవాల్సింది 16వ చానల్‌లో (156.8 మెగాహెర్ట్జ్). మన దేశంలో మెరైన్ సెట్టుకు వైర్‌లెస్ లైసెన్సు తప్పనిసరి.
* లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ చిన్న వాకీటాకీలు పక్కవాళ్లతో కబుర్లకే. వాటిలో పిలిస్తే 16వ చానల్‌లో ఉన్నవాళ్లకు వినపడదు.
* ఫోన్ సిగ్నల్ అందే చోట కోస్ట్‌గార్డ్ నంబరు 1554.

తిరిగొచ్చాక అమ్మకు ఇదంతా చెప్పా. సంచిలో పెట్టిన సంగతి తప్ప! ఆ సాయంత్రం మిత్రుడికి ఫోన్ చేయబోతే సిగ్నల్ లేదు. ''గుట్టెక్కి మాట్లాడుపో'' అంది. సముద్రం నేర్పిన పాఠం అమ్మకు ముందే తెలుసు!