గ్రంథముద్రణకు పూర్వం



జి. కొండూరు పరిసరాలలో మామిడి పూత దశలోనే తోటను వ్యాపారికి గుత్తకిచ్చే రైతులున్నారు. సొమ్ము ముందే చేతికందుతుంది. ఆపైన కాపు ఎంత విరగగాచినా అది వ్యాపారిదే. గ్రంథకర్తలలోనూ ఈ రీతి కనబడుతుంది.

ఆ ప్రాంతంలోని ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయులు శ్రీరుద్రానికి సస్వరంగా పాఠమిచ్చి తాత్పర్యం వ్రాశారు. పుస్తకాన్ని అచ్చులో చూసుకోవాలన్న ఆర్తితో ప్రచురణకర్త చూపిన పత్రం చదవకుండానే సంతకం చేశారు. సర్వహక్కులు శాశ్వతంగా ఇచ్చినట్లు అందులో ఉన్నది. కాలపరిమితి పేర్కొనని హక్కుల బదిలీ ఐదేళ్లకే చెల్లుతుందని 1957 నాటి కాపీరైట్ చట్టం. శాశ్వతమని వ్రాసిన పిదప ఆ వెసులుబాటు లేదు.

బ్రహ్మవిద్యకు హక్కులేమిటని పెద్దలు విసుగుకొంటారు. మూలం ఋషులది, నిజమే. తాత్పర్యంలో దొర్లిన దోషం మాత్రం వ్యాఖ్యాతది. మలిముద్రణలో దానిని దిద్దే అధికారం కోసమైనా హక్కు తన వద్ద ఉండాలి.

అక్షరాలు కూర్చేవేళ ఒక లిపినుండి మరొక లిపికి మార్చినప్పుడు కొన్ని పుటలలో అనుదాత్తపు అడ్డగీతలు పక్క అక్షరం కిందికి జరిగాయి. ప్రూఫులు ఆయన ఒక్కరే చూశారు. కంఠస్థమైన పాఠాన్ని కన్ను చదవదు, స్మృతియే చదువుతుంది. అందుకే ఒకరు వ్రాతప్రతిని బిగ్గరగా చదువుతుండగా మరొకరు ప్రూఫును అనుసరించాలి. ప, షల వద్ద, ద, ధల వద్ద ఆగాలి. స్వరాలను గురుముఖతః అధ్యయనం చేసినవారికే చూపాలి, మరొక అచ్చుపుస్తకంతో సరిపోల్చి తృప్తిపడరాదు. త్వష్ట 'ఇంద్రశత్రుః' అన్నప్పుడు అక్షరం మారలేదు, స్వరమొక్కటే మారింది. ఇంద్రుని చంపవలసిన వృత్రుడు ఇంద్రుని చేతిలో హతుడైనాడు.

సొంతంగా ప్రచురించదలచినవారు వేయి ప్రతులతో ఆరంభించనవసరం లేదు. డిజిటల్ ముద్రణలో నూరు ప్రతులు వేసి, చదివినవారు చూపిన తప్పులు దిద్ది, పిమ్మట ఆఫ్‌సెట్‌కు వెళ్లవచ్చును. అటకమీది కట్టలు చెదలకే ఉపకరిస్తాయి. పదహారు పుటలు ఒక ఫారం కనుక పుటలసంఖ్య ఆ లెక్కకు కుదిరితే కాగితం వృథా కాదు. ఐఎస్‌బీఎన్ సంఖ్యను రాజా రామమోహన్‌రాయ్ జాతీయ సంస్థ ఉచితంగానే ఇస్తుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన 30 దినాలలో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు గ్రంథాలయాలకు ప్రతులు పంపడం ప్రచురణకర్త విధి. సొంతంగా వేసుకున్నవాడే అప్పుడు ప్రచురణకర్త. తిరుమల తిరుపతి దేవస్థానం ఆర్థికసహాయంతో వెలువడిన ధార్మిక గ్రంథాలు అనేకం. దాని నిబంధనలు ముందుగా విచారించుకోవాలి.

ఉపాధ్యాయుల పుస్తకానికి ఆదరణ లభించింది. దిద్దుబాట్లు పంపినా ప్రచురణకర్త పాత పుటలనే పునర్ముద్రించారు. మరొకచోట వేయించుకొనే అధికారం ఆయనకు లేదు. ఒకే కాగితంపై తప్పొప్పుల పట్టిక అచ్చువేయించి, శివరాత్రికి ముందు తెలిసిన ఇళ్లన్నిటికీ తిరిగి ప్రతి పుస్తకంలోనూ అతికించి వచ్చారు. తెలియని ఇళ్లలో ఆ పాఠంతోనే పారాయణం సాగుతున్నది.