జరీ దారం మీద నేరుగా ఇస్త్రీ పెట్టకండి

పోయిన ఆగస్టు 9కి మా హాస్టల్ అమ్మాయిలం మ్యాటీ క్లాత్ మీద క్రాస్ స్టిచ్‌తో ఇప్పచెట్టు కుట్టాం. పూలకి బంగారు జరీ. స్టడీ అవర్ అయ్యాక కూర్చుని నెల రోజులు కుట్టాం. చేతుల మురికి అంటిందని ఉతికాం, అంతవరకూ బాగానే ఉంది. ముడతలు పోవాలని ఇస్త్రీ పెట్టె మీట ‘కాటన్’ దగ్గర పెట్టి పైనుంచి రుద్దేశాం. క్షణంలో పూలు ముడుచుకుపోయాయి, మెరుపు పోయింది.

ఎవరు చేశారంటే ఎవ్వరం నోరు విప్పలేదు. నిజం చెప్పాలంటే మాలో చాలామంది ఇళ్లల్లో ఇస్త్రీ పెట్టే లేదు. ఆ మీట మీద రాతలేంటో అడిగితే, కాలేజీకొచ్చి ఇది కూడా తెలీదా అంటారని సిగ్గు.

కుట్లు నేర్పే అక్క తర్వాత చెప్పింది. మనం కొనే చవక జరీ ఎక్కువగా మెరిసే ప్లాస్టిక్ పొరే, వేడికి కరుగుతుంది. చల్లటి నీళ్లలో కాస్త షాంపూ వేసి ముంచి తియ్యాలి. రుద్దొద్దు, పిండొద్దు, తువ్వాలులో చుట్టి ఒత్తాలి. ఎర్ర దారముంటే ముందే తడిగుడ్డతో అద్ది రంగు దిగుతుందేమో చూడాలి. మందపాటి తువ్వాలు మీద కుట్టుని బోర్లా పరిచి, పైన పల్చటి నూలుగుడ్డ వేసి, తక్కువ వేడిలో పెట్టెని ఆనించి ఎత్తెయ్యాలి.

కరిగిన జరీ విప్పేసి పూలన్నీ లేత పసుపు దారంతో మళ్లీ కుట్టాం. అసలు ఇప్పపువ్వు రంగు అదే కదా! ఈ ఏడాది కొత్తగా వచ్చిన చెల్లెళ్లకి మీట తిప్పడం, వాళ్లు అడక్కముందే చూపించాం.