పులస ఎక్కడిదాకా ఈదుతుంది?

జులై, ఆగస్టు వచ్చాయంటే గోదారి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో రెండే ఫొటోలు. ఒకటి ధవళేశ్వరం దగ్గర వరద, రెండోది పులస. ‘పుస్తెలమ్ముకునైనా పులస తినాలి’ అని ఒకరు, కింద ధర చూసి ఏడుపు ఎమోజీ పెట్టేవాళ్లు పదిమంది. ఈ చేప రుచి గురించి విన్నంతగా దాని బతుకు గురించి వినం. అందుకే జులై మొదట్లో, అది సముద్రం నుంచి వచ్చే దారెంటే నేనూ బయల్దేరాను.

మొదలు అంతర్వేది. వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోటు. ఉప్పునీళ్లలో ఉన్నంతకాలం దీన్ని పులస అనరు, ఇలస అనో విలస అనో అంటారు. బెంగాలీలు ప్రాణం పెట్టే ఇలిష్, బంగ్లాదేశ్ జాతీయ చేప, మన పులస అన్నీ ఒకే జాతి. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని ‘బాబాయ్, పులస పడుతోందా?’ అనడిగా.

‘ఇంకా ఎర్రనీరు తగల్లేదండి. అది తగిలితేగానీ ఇలస పులసవ్వదు, ఆయ్’ అన్నాడు.

ఆ ఒక్క మాటలో చాలా సైన్సు ఉంది. ఎగువన వానలు పడి, మట్టి కొట్టుకొచ్చి గోదారి ఎర్రబడుతుంది. ఆ వరదకి ఎదురు ఈదుతూ, గుడ్లు పెట్టడానికి చేప మంచినీళ్లలోకి వస్తుంది. మామూలు సముద్రపు చేపైతే ఈ నీళ్లలో బతకలేదు. పులస మొప్పలు మాత్రం సముద్రంలో ఒంట్లోని ఉప్పుని బయటికి నెడతాయి. నదిలోకొచ్చాక పని తిరగబడి, నీళ్లలో ఉన్న కాస్త ఉప్పునీ లోపలికి లాక్కుంటాయి. ఎదురీతకి పెట్రోలు, సముద్రంలో మేసి దాచుకున్న కొవ్వు. మట్టిదాకలో బెండకాయలేసి పులుసు పెట్టి మర్నాడు తింటే తెలిసే ఆ రుచిలో ఈ కొవ్వుదే పెద్ద వాటా.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం దిగాను. అక్కణ్ణించి సిద్ధాంతం వంతెన, రావులపాలెం, పూతరేకుల ఆత్రేయపురం. రోడ్డు పక్కన అరటి తోటలు, గట్టు అవతల లంకలు, వశిష్ఠ. చేప దారి కూడా ఈ పాయే. ఒక్క ఆడ పులస లక్షల గుడ్లు పెడుతుంది. దాదాపు ఒక్క రోజులోనే పిల్లలవుతాయి. అవి కొన్ని నెలలు నదిలోనే నాచు, కంటికి కనపడని చిన్నచిన్న జీవులు తిని పెరిగి, తర్వాత సముద్రం దారి పడతాయి.

బొబ్బర్లంక దాటితే బ్యారేజీ. కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో 1982కి ఇప్పటి బ్యారేజీ వచ్చింది. నాలుగు భాగాలు, 175 గేట్లు. డెల్టా పచ్చగా ఉందంటే దీనివల్లే, మన కంచంలో అన్నం దీనిదే. కానీ పులసకి ఇదో గోడ. గేట్లెత్తినప్పుడు కూడా ఆ ఉరవడికి ఎదురెళ్లడం తేలిక కాదు. రాజమండ్రి పుష్కర ఘాట్ దీనికి ఎగువనే ఉంది. అంత దగ్గరలో ఉన్న ఊరికి కూడా పులస ఇప్పుడు ఎక్కువగా ఐసు పెట్టెలో, రోడ్డు మీదే వస్తుంది. గంగలో 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఇదే కథ. ఒకప్పుడు అలహాబాద్ దాకా వెళ్లిన ఇలిష్ ఆ పైన దాదాపు కనపడకుండా పోయింది.

ఆనకట్ట తీసెయ్యమని ఎవరూ అనరు, అనకూడదు కూడా. మన చేతిలో ఉన్నది వేరే ఉంది. మన తీరంలో సముద్రపు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పులస నదిలోకొచ్చేది ఆ తర్వాత. అంటే గుడ్లు పెట్టడానికొచ్చే వేళకి వలలు సిద్ధంగా ఉంటాయి. పైగా గుడ్లున్న ఆడ పులసకే మనం ఎక్కువ ధర పెడతాం. బంగ్లాదేశ్‌లో అక్టోబరులో గుడ్లు పెట్టే 22 రోజులు ఇలిష్‌ని పట్టడం, అమ్మడం రెండూ నిషేధం. ఆ రోజుల్లో జాలర్లకి ప్రభుత్వం బియ్యం ఇస్తుంది.

ఇక్కడా అలాంటిది పెట్టాలంటే ముందు జాలరి ఇంట్లో పొయ్యి వెలిగే దారి చూడాలి. ఏడాదంతా ఎదురుచూసే సంపాదన ఆ రెండు నెలలదే. అది ప్రభుత్వం పని. కొనేవాళ్లం మనం చెయ్యగలిగింది ఒకటుంది. ఈసారి ఎవరైనా ‘గుడ్లున్నది, ఇంకో రెండు వేలు ఎక్కువ’ అంటే, లేనిదే ఇమ్మందాం.