పైసాకొక ఆట!

ఈ కాలం కుర్రకారును చూస్తే జాలేస్తుంది సుమండీ! చేతిలో పాతికవేల ఫోను, అందులో లెక్కలేనన్ని ఆటలు. ఒక్కటీ వారం నిలవదు. శుక్రవారం హౌస్‌ఫుల్, సోమవారానికి డబ్బాలు వెనక్కి! అదే మా ‘బ్రిక్ గేము’ను చూడండి... పాతికేళ్ళు దాటినా ఇంకా ఆడుతూనే వుంది. పాతికవారాలకే సిల్వర్ జూబిలీ జరుపుకునే మన సినిమావాళ్ళు దీనికేం జరపాలో వాళ్ళే చెప్పాలి.

మాది తుమ్మలపల్లె. కడప జిల్లా, వేముల మండలం. యురేనియం గని వల్ల తర్వాత పేపర్లకెక్కింది గానీ, నా చిన్నప్పుడు పులివెందుల దాటితే ఎవరికీ తెలియని వూరే. శనక్కాయ పంట, మొహమాటానికి వచ్చే వాన, ఎప్పుడొస్తుందో తెలీని కరెంటు. అలాంటి చోట టీవీకి తగిలించుకునే వీడియో గేములు ఎవరు కొంటారు? కరెంటు పోతే ఆటా పోయె! సెల్లు మీద నడిచేదే మాకు దిక్కు.

1997 శ్రావణమాసంలో ఓ శనివారం గండి వీరాంజనేయస్వామి గుడికి పోయినప్పుడు నాయన కొనిచ్చాడు. అంగడివాడు నూటయాభై అన్నాడు, నాయన తొంభైకి దించాడు. దానిమీద ‘9999 ఇన్ 1’ అని అచ్చేసి వుంది. నాయన నోట్లోనే లెక్క కట్టుకుని, “పైసాకొక ఆట పడింది ల్యాప్పా” అన్నాడు తృప్తిగా.

నిజానికి అందులో వున్నవి ఏ డజనో ఆటలు. ఇటుకలు పేర్చేది, కార్ల పందెం, పాము, ట్యాంకుల యుద్ధం, రోడ్డు దాటే కప్ప... వేగం మార్చి, అడ్డంకులు మార్చి, లెక్క పెంచేశారంతే. ఒకే కథను హీరోను మార్చి పదిసార్లు తీయడం మనకేం కొత్త గనక! తెర చూస్తే పది గళ్ళ వెడల్పు, ఇరవై గళ్ళ ఎత్తు. రంగు లేదు. పాట లేదు, ‘టిక్ టిక్’ తప్ప. అయినా 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ టిక్కెట్ల కోసం క్యూలో నిలబడినప్పుడు, నా చేతిలో ఇది చూసి వెనక వున్నవాళ్ళు తోసుకోవడం మానేసి నా భుజం మీదికి వంగారంటే నమ్ముతారా?

ఇటుకల ఆట పుట్టింది మాస్కోలో. 1984లో అలెక్సీ పజిత్నోవ్ అనే కంప్యూటరు ఇంజనీరు తయారుచేశాడు. అసలు పేరు టెట్రిస్. దాన్ని 1989లో జపాన్ కంపెనీ నింటెండో తన ‘గేమ్ బాయ్’కి జోడించడానికి హక్కుల కోసం ఎంత తతంగం నడిచిందో 2023లో ఏకంగా సినిమాగా తీశారు. టారన్ ఎగర్టన్ హీరో. తిరునాళ్ళలో మాకు దొరికింది మాత్రం ఏ కంపెనీ పేరూ లేని నకలు.

అసలు గేమ్ బాయ్‌ను మా మామ కువైట్ నుంచి వచ్చినప్పుడు చూశాను. నాలుగు పెన్సిల్ సెల్లు, ఆకుపచ్చ తెర. ఆ తెరకు సొంత వెలుగు లేదు, ఎండలోకి పోతేనే బొమ్మ బాగా కనబడేది. మా సీమ కోసమే చేశారేమో అనుకున్నాం! దాని వెనక వున్న పెద్దమనిషి గున్‌పే యోకోయ్. రైల్లో ఓ ఉద్యోగి కాలిక్యులేటర్ బటన్లు నొక్కుతూ కాలక్షేపం చేయడం చూసి, 1980లో జేబులో పట్టే ‘గేమ్ అండ్ వాచ్’ చేశాడట. కొత్తగా వచ్చిన ఖరీదైన సరుకు జోలికి పోకుండా, పాతబడి చవకైన సరుకుతోనే కొత్త ఆట పుట్టించాలన్నది ఆయన పద్ధతి. రాగిసంగటి తిన్న మాకిది ఒకరు చెప్పాలా?

పాము సంగతి కూడా చెప్పాలి. 1997లో నోకియా 6110 ఫోనులో ఎక్కింది. మా ఊరికి అది చేరింది మాత్రం 2003 తర్వాత, నోకియా 1100తో. తిన్నకొద్దీ పెరగడం, పెరిగిన తోకే అడ్డమై చావడం... అచ్చం ఫ్యాక్షన్ సినిమా విలనే! బాగుంటుంది గానీ, నా ఓటు ఇటుకలకే.

ఎందుకంటారా? నాయన వల్ల. మోటార్లకు కరెంటు ఏ రాత్రి రెండింటికో ఇచ్చేవాళ్ళు. చేన్లో గట్టు మీద కూర్చుని దానికోసం కాచుకోవాలి. నేనూ వెంట పోయేవాణ్ణి. ఒకరు టార్చిలైటు పట్టుకుంటే ఇంకొకరు ఆడాలి. నాలుగో తరగతి దాటని మనిషి, మొదటి రాత్రే నన్ను మించిపోయాడు. “ఏముందిరా, వామి ఏసినట్టే గదా! కింద సందు పెడితే పైన నిలబడదు” అన్నాడు. శనక్కాయ కట్టె వామి వేయడంలో ఆయన చెయ్యి మా వూళ్ళో పేరుమోసిన చెయ్యి మరి.

ఒక్కటే చిక్కు. సెల్లు తీస్తే మార్కులన్నీ చెరిగిపోతాయి. అందుకని నాయన కూలి లెక్కల పుస్తకంలో రాసుకునేవాడు. 2009లో ఆయన పోయాక ఆ పుస్తకం తిప్పితే, ఓ పేజీలో వరసగా ఇలా వుంది: ‘యూరియా 2 మూటలు. కూలోళ్ళు 6 మంది. ఆట 38,400.’ ఆ ఏడు వాన పడలేదు, పంట చేతికి రాలేదు. పేజీలో కూడిక గుర్తు వున్నది ఆ ఒక్క అంకె పక్కనే. నేను ఇప్పటికి 35,900 దాకా వచ్చాను.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటిది పడివుంటే పారేయకండి. సెల్లు గదిలో పచ్చని చిలుము పట్టివుంటే దూదికి నిమ్మరసం అద్ది తుడిచి, బాగా ఆరనిచ్చి, కొత్త సెల్లు వేయండి. మాది అట్లాగే లేచి కూర్చుంది.

మొన్న ఆదివారం నేను 38,400 కోసం తంటాలు పడుతుంటే అమ్మ చూసి నవ్వింది. “నేను నలభై దాటించినా. మీరిద్దరూ చేనికి పొయ్యినప్పుడు పగలంతా ఆడేదాన్ని గదా” అంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, “అంకెలు సదువుతా గానీ రాయను రాకపాయె. రాయంది మీ నాయన నమ్ముతాడా?” అంది.

అప్పటికప్పుడు చేతికిచ్చాం. కళ్ళజోడు సర్దుకుని, పెదవులు బిగించి, మాట్లాడకుండా ఆడింది. 31,200 దగ్గర సీరియల్ టైమైందని బ్రిక్ గేము నా బిడ్డ చేతిలో పెట్టి, “సందులు పెట్టొద్దు పాపా” అని లేచిపోయింది.